బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం మళ్లీ పేలిందంట, వైజాగ్‌కి సునామీ ఏమన్నా ఉందా?

విశాఖ_సముద్రం
పొద్దున్నుంచి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే వీడియో తిరుగుతోంది. నేవీ వాళ్లు షిప్పు మీంచి తీసిందంట, సముద్రం మధ్యలో కొండ, దాని నెత్తి మీంచి ఎర్రగా కక్కుతోంది. కింద ఎవడో మహానుభావుడు "అండమాన్‌లో అగ్నిపర్వతం పేలింది, విశాఖ కాకినాడ తీరాలకి సునామీ, అందరికీ షేర్ చేయండి" అని తగిలించాడు. మా అత్తగారు అప్పుడే ఇంటి డాక్యుమెంట్లు సంచిలో సర్దేశారు. అసలీ బారెన్ ఐలాండ్ కథేంటి? ఎప్పట్నుంచి పేలుతోంది, ఎందుకు పేలుతోంది, మనకి ఏమన్నా ముప్పుందా? ఇండియాలో అగ్నిపర్వతం ఉందనే నాకు ఇవాళే తెలిసింది. తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి ఇంకో ఫార్వర్డ్ మాత్రం పెట్టకండి.

వాట్సాప్_విజ్ఞాని
అత్తగారి సంచిలో నా టెన్త్ మెమో కూడా పెట్టమనండి, ఇక్కడ ఎక్కడో పోయింది

పోర్ట్‌బ్లెయిర్_పిల్లోడు
మాది పోర్ట్‌బ్లెయిరే. ఇప్పుడు శ్రీవిజయపురం అనాలి గానీ మా ఇంట్లో ఇంకా ఎవరికీ నోరు తిరగట్లేదు. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ సెటిలయ్యాడు. 2025 సెప్టెంబర్ 13న ఒకసారి, 20న ఇంకోసారి పేలింది, 20న దగ్గర్లో 4.2 భూకంపం కూడా వచ్చింది. అంతే. ఇక్కడ మార్కెట్లో ఎవడూ దాని గురించి మాట్లాడుకోలేదు, చేపల రేటు గురించే మాట్లాడుకున్నారు. మాకు 135 కిలోమీటర్ల పైన ఈశాన్యంగా ఉంటది, ఇక్కడ్నుంచి కనపడదు. మేమే కంగారు పడట్లేదు, మీకెందుకండీ.

సికాకోలు_చిన్నోడు
ఒరే మీదే ఊరురా తాతది? మాది సోంపేట

పోర్ట్‌బ్లెయిర్_పిల్లోడు
@సికాకోలు_చిన్నోడు కవిటి దగ్గర అన్నా. ఇక్కడ జంగ్లీఘాట్ వైపు వస్తే మనోళ్లే ఎక్కువ, తెలుగు తప్ప ఇంకోటి వినపడదు

రాళ్ళబాబు
జియాలజీ చదివి బ్యాంకులో పనిచేస్తున్న దురదృష్టవంతుణ్ణి, ఇలాంటి ప్రశ్న వస్తే ఆగలేను, కాస్త ఓపిగ్గా చదవండి.

బారెన్ ఐలాండ్ స్ట్రాటోవాల్కనో. అంటే ఒకసారి లావా, ఒకసారి బూడిద రాళ్లు, మళ్లీ లావా, ఇలా పొర మీద పొర పడి పెరిగిన కొండ. మీకు వీడియోలో కనపడేది కొన మాత్రమే. ద్వీపం మొత్తం అడ్డంగా 3 కిలోమీటర్లు ఉంటుంది, సముద్రమట్టం నుంచి ఎత్తు 350 మీటర్ల చిల్లర. కానీ దాని పాదం సముద్రం అడుగున 2,250 మీటర్ల లోతులో ఉంది. నీళ్లన్నీ తోడేస్తే రెండున్నర కిలోమీటర్ల కొండ, మన అరకు గాలికొండ కన్నా బాగా ఎత్తు.

ద్వీపం మధ్యలో సుమారు 2 కిలోమీటర్ల వెడల్పు గుండ్రటి లోయ, చుట్టూ నిలువు గోడలు. ఎప్పుడో పదుల వేల ఏళ్ల కిందట ఒక పెద్ద పేలుడులో పాత కొండ నడినెత్తి కూలిపోతే మిగిలిన గోడలవి. పడమటి వైపు ఆ గోడ విరిగిపోయి సముద్రానికి దారి ఉంది. లోయ మధ్యలో తర్వాత పుట్టుకొచ్చిన చిన్న కోన్ ఉంది చూశారా, ఇప్పుడు కక్కేది అదే. లావా పారితే ఆ పడమటి సందులోంచే సముద్రంలోకి పోతుంది, మిగతా మూడు వైపులా గోడ అడ్డం.

ఎందుకు పేలుతుందంటే, మన ఇండియా పలక, అంటే మనల్ని మోస్తున్న భూమి పైపెంకు ముక్క, ఈశాన్యానికి పోయి అండమాన్ కిందికి దూరుతోంది. దూరే పలక తనతో పాటు సముద్రపు బురదనీ, ఖనిజాల్లో ఇరుక్కున్న నీటినీ తీసుకుపోతుంది. ఓ వంద కిలోమీటర్ల లోతుకి పోయాక వేడికి, ఒత్తిడికి ఆ నీళ్లు బయటికొచ్చి పైనున్న రాతిలోకి ఇంకుతాయి. నీళ్లు తగిలిన రాయి మామూలు కన్నా తక్కువ వేడికే కరుగుతుంది. ఆ కరిగిందే పైకి వస్తుంది. సుమత్రా, జావా అగ్నిపర్వతాలదీ ఇదే కథ, బారెన్ ఆ వరసలోనే ఉత్తరపు కొస వైపు ఉంది.

నిజాంపేట్_రమణ
మంచిగ చెప్పినవ్ అన్నా. మరి అండమాన్ దీవులన్నీ అగ్నిపర్వతాలేనా? పోర్ట్‌బ్లెయిర్ గుట్టలు గూడా?

రాళ్ళబాబు
@నిజాంపేట్_రమణ కాదు, చాలామంది అదే అనుకుంటారు. పలక దూరేటప్పుడు పైనున్న బురద, ఇసుక, సముద్రపు నేల ముక్కలు గీరుకుపోయి కుప్పపడితే లేచినవే అండమాన్ దీవులు. పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల మీకు దొరికేది ఎక్కువగా ఇసుకరాయి, షేల్. అగ్నిపర్వతాల వరస వాటికి తూర్పున సముద్రంలో వేరేగా ఉంది. అందులో నీళ్ల పైకి తేలినవి రెండే, బారెన్, దానికి ఉత్తరాన నార్కోండం. మిగతావి నీళ్లకిందే గుట్టలుగా ఉన్నాయి.

పోర్ట్‌బ్లెయిర్_పిల్లోడు
మా ఇంటి వెనక కొండ తవ్వితే వచ్చేది మట్టి రంగు రాయే, పలకలు పలకలుగా ఊడొస్తది. వానాకాలంలో రోడ్డు మీదకి జారేది కూడా అదే

తీరం_శ్రీను
1787లో మొదటిసారి పేలిందని చదివాను. అంటే రెండొందల ముప్పై చిల్లర ఏళ్ల వయసే కదా, ఇది కుర్ర అగ్నిపర్వతం

రాళ్ళబాబు
@తీరం_శ్రీను మనిషి చూసి రాసుకున్నది 1787. దానికి ముందు చూసి రాసినవాడు లేడంతే. పైనున్న పాత లావాల వయసు లెక్కకడితే సుమారు 16 లక్షల ఏళ్లు వచ్చింది. దగ్గర్లో సముద్రం అడుగున బోరు గొట్టం దింపి తీసిన బురదలో దీని బూడిద పొరలు దొరికాయి, దాదాపు 70 వేల ఏళ్ల వెనక్కి పోతాయి. బ్రిటిష్ వాడు పడవ మీంచి చూస్తేనే పుట్టినట్టా?

తీరం_శ్రీను
సరే చరిత్రలో అని అన్నాను లెండి, వెటకారం ఎందుకు

పాత_కాగితాలు
ఆ బ్రిటిష్ వాడి సంగతి నేను చెప్తా, పాత రికార్డులు తిరగేయడం నా పిచ్చి. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్, పోర్ట్‌బ్లెయిర్ పేరు ఆయనదే, బారెన్ దగ్గరికి వెళ్లినప్పుడు అది మంచి ఊపు మీద ఉంది. పొగ, ఎర్రగా కాలిన రాళ్లు పైకి లేస్తున్నాయి, కొన్ని మూడు నాలుగు టన్నులుంటాయని ఆయన అంచనా. దాన్ని కోల్‌బ్రూక్ అనే ఇంకో అధికారి 1795లో కలకత్తా ఏషియాటిక్ రీసెర్చెస్ పత్రికలో అచ్చు వేయించాడు. 1795లో, 1803-04లో కూడా పేలిన రికార్డులున్నాయి. తర్వాత చల్లబడింది. 1884లో జియలాజికల్ సర్వే నుంచి మ్యాలెట్ అనే ఆయన వెళ్లి ద్వీపమంతా తిరిగి కొలిచి బారెన్ మీద, నార్కోండం మీద పెద్ద రిపోర్టే రాశాడు. అప్పుడు పేలుళ్లు లేవు, ఆవిరి, ఒడ్డున లావా అంచు కింద నుంచి సముద్రంలోకి కారే ఉడుకు నీళ్లు. అప్పట్లో ఆగిన నావల్లోంచి దిగినవాళ్లంతా ఆ ఉడుకు నీళ్ల దగ్గర థర్మామీటర్ పెట్టి డిగ్రీలు రాసుకోవడం ఒక సరదా. ఏటా తగ్గుతోందని రాసుకుని, కొండ చచ్చిపోతోందని చాలామంది తేల్చేశారు కూడా.

వాట్సాప్_విజ్ఞాని
థర్మామీటర్ పెట్టి చచ్చిందని చెప్పడం మా ఊరి ఆర్‌ఎంపీ కూడా చేస్తాడు

విశాఖ_సముద్రం
మరి మళ్లీ ఎప్పుడు లేచింది?

పాత_కాగితాలు
1991 మార్చి ఆఖర్లో. 1803-04 నుంచి లెక్కేస్తే దాదాపు 190 ఏళ్ల నిద్ర. 1832 అని కొందరు ఇంకోటి కలుపుతారు, నాకైతే ఆ సాక్ష్యం బలంగా అనిపించలేదు.

రాళ్ళబాబు
నాకు 1832 కొట్టేయాలనిపించదు. ఆ రోజుల్లో అటువైపు వెళ్లే నావలే అరుదు. చూసినవాడు లేకపోతే పేలనట్టు కాదు. మీరు అటెండెన్స్ రిజిస్టర్ చూసి మాట్లాడుతున్నారు.

పాత_కాగితాలు
రిజిస్టర్‌లో లేనివాడికి జీతం ఇవ్వం కదండీ బ్యాంకు వారూ

రాళ్ళబాబు
😄 సరే, దీన్ని ఇక్కడ వదిలేద్దాం. 1991ది ముఖ్యం. ఆరు నెలలు నడిచింది. లావా ఆ పడమటి సందులోంచి పారి సముద్రం దాకా పోయింది. మళ్లీ 1994 డిసెంబర్ నుంచి 1995 దాకా ఇంకో విడత. తర్వాత పదేళ్లు ఊరుకుని 2005 మే 28న మొదలెట్టింది, అప్పట్నుంచి పూర్తిగా ఆగిందని చెప్పలేం, కొన్నాళ్లు కక్కడం, కొన్నాళ్లు ఆవిరి. 2017లో, 2018లో, మొన్న 2025లో వార్తల్లోకి వచ్చింది. మనుషులు చూడకపోయినా శాటిలైట్లు వేడి చుక్కగా పట్టుకుంటాయి. బూడిద లేస్తే విమానాలకి హెచ్చరిక ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం నుంచి వస్తుంది.

తీరం_శ్రీను
2005 మే అన్నారు. 2004 డిసెంబర్ 26 సునామీ భూకంపం. ఐదు నెలలు! దీనికీ దానికీ సంబంధం లేదంటారా? భూకంపం వల్లే లేచింది, ఇందులో అనుమానం ఏముంది

రాళ్ళబాబు
అనుమానం ఉంది. ఆ లెక్కన 1991కి, 1994కి ముందు 9 పాయింట్ల భూకంపం ఏది? పెద్ద భూకంపం వచ్చినప్పుడు చుట్టుపక్కల నేల పిండినట్టో సాగదీసినట్టో అవుతుంది, లోపల మాగ్మా, అంటే కరిగిన రాయి, అప్పటికే సిద్ధంగా ఉంటే పైకి రావడానికి అది తోడ్పడుతుందని వాదించేవాళ్లున్నారు, ఆ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ 1991లో లేచిన కొండ పదేళ్లకి మళ్లీ లేవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

తీరం_శ్రీను
బారెన్ ఆ భూకంపం చీలిక పక్కనే ఉంది సార్. సుమత్రా నుంచి అండమాన్ దాకా 1,300 కిలోమీటర్లు చీలింది. దాని పక్కన కూర్చున్న కొండకి ఏం కాలేదంటే నమ్మమంటారా

రాళ్ళబాబు
కాలేదని ఎక్కడన్నాను? అదే కారణం అని బల్ల గుద్దొద్దంటున్నా

తీరం_శ్రీను
నేను గుద్దుతా

పోర్ట్‌బ్లెయిర్_పిల్లోడు
2004 గురించి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నా. అగ్నిపర్వతం సంగతి పక్కన పెట్టండి, ఆ భూకంపానికి మా దీవే ఒరిగిపోయింది. ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డు పైకి లేచి పగడపు దిబ్బలు ఎండకి బయటపడ్డాయి, ఇటు పోర్ట్‌బ్లెయిర్ వైపు ఒక మీటరు దాకా కిందకి దిగింది. సిప్పీఘాట్ వైపు రండి ఎప్పుడన్నా. అక్కడ వరి మళ్లు ఉండేవి, ఇప్పుడు ఆటూపోటూ వచ్చిపోయే ఉప్పు చెరువు. మధ్యలో గోడలు మొండిగా ఉన్న ఇళ్లు, కరెంటు స్తంభం ఒకటి నీళ్లలో నిలబడి ఉండేది, దాని మీద కొంగ. మా నాన్న స్నేహితుడి పొలం అందులోనే పోయింది. ఇక్కడోళ్లకి భయం అంటే నేల కదలడం. దూరంగా కొండ మీద పొగ వస్తే "ఆ వచ్చిందిలే" అంటారు.

బామ్మ_మాట
నాయనా అక్కడ అందరూ క్షేమమేనా. ఆ ఏడాది మా ప్రకాశం జిల్లా ఒడ్డున కూడా పోయారు, మన రాష్ట్రంలోనే వంద మందికి పైనే. ఆదివారం పొద్దున, సముద్రం స్నానాలకి వెళ్లినవాళ్లు, వలలు సర్దుకుంటున్న వాళ్లు. ఈ ఫార్వర్డ్‌లు పంపేవాళ్లకి అది తెలీదు.

నిజాంపేట్_రమణ
అసలు సునామీ ప్రశ్నకి జవాబు నేను చెప్తా, ఆఫీసు మా ఇంటికాడనే ఉంది. ప్రగతినగర్‌ల ఇన్‌కాయిస్ అని ఉన్నది గదా, దేశం మొత్తానికి సునామీ వార్నింగ్ ఇచ్చేది ఆడికెళ్లే, 2007 అక్టోబర్ సంది. సముద్రానికి గిన్ని వందల కిలోమీటర్ల దూరంల హైదరాబాద్‌ల పెట్టిండ్రు, మంచిదే, మునగదు. భూకంపం అయితే నిమిషాల్లనే లెక్కగట్టి, బంగాళాఖాతం అడుగున పెట్టిన ప్రెషర్ మీటర్లు, రేవుల్ల నీటిమట్టం మీటర్లు చూసి చెప్తరు. 4.2 భూకంపానికి సునామీ రాదు, 6న్నర దాటితేనే వాళ్లు గట్టిగ చూసేది. వైజాగ్‌కి ఏం గాదు, అత్తమ్మకి చెప్పు.

విశాఖ_సముద్రం
థాంక్యూ అన్నా. చదివి వినిపించా. "హైదరాబాద్‌లో కూర్చున్నోళ్లకి సముద్రం సంగతి ఏం తెలుసు" అన్నారు

సికాకోలు_చిన్నోడు
అత్త గెలిసింది

ప్రశ్నల_పుట్ట
ఒక డౌటు. సునామీ భూకంపం వల్లే వస్తుందా? ఇండోనేషియాలో అగ్నిపర్వతం వల్ల వచ్చింది కదా, క్రకటోవా. మరి బారెన్ ఎందుకు చేయదు

రాళ్ళబాబు
మంచి ప్రశ్న, రమణ గారు దాటేసింది ఇక్కడే. 1883 క్రకటోవా సునామీలో 36 వేల మందికి పైగా పోయారు. దాని చోటే పుట్టిన పిల్ల కొండ అనాక్ క్రకటోవా 2018 డిసెంబర్ 22 రాత్రి ఒక పక్క విరిగి సముద్రంలోకి జారిపోయింది, నాలుగు వందల పైన చనిపోయారు. అక్కడ పెద్ద భూకంపం ఏదీ లేదు, అందుకే ముందు సైరన్ మోగలేదు. భూకంపం చూసి కూసే ఏర్పాటుకి కొండ జారడం ఆనదు. 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రంలో పేలిన అగ్నిపర్వతం కూడా అంతే, లెక్కలకి అందని రకం.

బారెన్ విషయానికొస్తే, ఇప్పుడు కక్కే కోన్ చిన్నది, అది లోయ మధ్యలో, చుట్టూ గోడల లోపల కూర్చుని ఉంది. అనాక్ క్రకటోవా అలా కాదు, లోతైన నీళ్ల అంచున ఒక పక్కకి వేలాడుతూ పెరిగింది. బారెన్ పేలుళ్లు కూడా స్ట్రాంబోలియన్ అనే చిన్న రకం, నిమిషాల కొద్దీ ఉమ్మి ఊరుకుంటుంది. ఎప్పటికీ ఏమీ చేయదని ఏ జియాలజిస్టూ సంతకం పెట్టడు, పాత కొండ ఒకసారి కూలిందని పైనే చెప్పా కదా. కానీ వైజాగ్‌కి పన్నెండు వందల కిలోమీటర్ల పైన దూరం, మధ్యలో అండమాన్ దీవుల వరస అడ్డం. భయపడాల్సింది కొండకి కాదు, దీవులకి పడమట నీళ్లకింద ఉన్న ఆ చీలికకి.

నిజాంపేట్_రమణ
దాటెయ్యలే అన్నా, అడిగింది 20వ తారీఖు గురించి, దానికి చెప్పిన

టకోమా_తెలుగోడు
మేముండేది అమెరికాలో, మా వంటింటి కిటికీలోంచి మౌంట్ రైనియర్ కనపడుతుంది, అదీ స్ట్రాటోవాల్కనోనే, 4,392 మీటర్లు. ఇక్కడ భయం లావా కాదు. నెత్తి నిండా మంచు, అది కరిగి బూడిదతో కలిసి బురద వరదై లోయల్లోంచి ఊళ్ల మీద పడుతుందని సైరన్లు పెట్టారు, పిల్లలకి స్కూల్లో ఎత్తుకి నడిచే ప్రాక్టీస్ కూడా ఉంటుంది. బారెన్‌కి మంచూ లేదు, కింద ఊరూ లేదు. అదృష్టవంతురాలు.

గోదారి_గట్టు
ఆయ్, ఒక మాటండీ. మా పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి కూడా లావానే అని మా మేస్టారు చెప్పేవోరు. మరి రాజమండ్రి దగ్గర కూడా ఇలాంటి కొండ ఉండేదాండీ? ఆ కంకరతోనే కదా మా ఇంటి శ్లాబు వేసింది

రాళ్ళబాబు
@గోదారి_గట్టు లావానే, కానీ అక్కడ కొండ పేల్లేదు. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో నేల పగుళ్లలోంచి పొంగిన లావా లోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి మీ దాకా వచ్చిందని రసాయనం, వయసు రెండూ పోల్చి చెప్తున్నారు. దక్కన్ లావా. కాటేరు వైపు రెండు లావా పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి పొర కూడా ఉంది. అంటే లావా వచ్చింది, ఆగింది, సముద్రం ఒడ్డున గవ్వలు పెరిగాయి, మళ్లీ లావా వచ్చింది. బారెన్ రాయి కూడా బసాల్ట్, బసాల్టిక్ ఆండెసైట్, చూపుకి అదే నలుపు. పుట్టుక మాత్రం పూర్తిగా వేరు, అది నీళ్లు కలిసిన పలక కథ, ఇది లోతు నుంచి పొంగిన వేడి కథ.

గోదారి_గట్టు
అయితే మా శ్లాబు బొంబాయి నుంచి వచ్చిందన్నమాట

డైవర్_సుధ
నేను బారెన్ దగ్గర దూకాను! దూకాను అంటే నీళ్లలోకి. హేవ్‌లాక్ దీవి నుంచి డైవింగ్ బోటు, రాత్రి బయల్దేరి తెల్లారేసరికి అక్కడ. ఒడ్డు మీద దిగనివ్వరు, అది వైల్డ్‌లైఫ్ శాంక్చువరీ. బోటు మీంచి చూస్తే పడమటి వైపు నల్లటి లావా మొత్తం గడ్డలు గడ్డలుగా, పదును పదునుగా సముద్రంలోకి దిగి ఉంటుంది, ఒక్క గడ్డి పోచ లేదు. దానికి రెండు పక్కలా పాత గోడల మీద మాత్రం పచ్చటి అడవి. మధ్యలో బూడిదరంగు కోన్, సన్నగా ఆవిరి. నీళ్ల కింద ఇంకా విచిత్రం, నల్ల ఇసుక, ఫిన్ తగిలితే సన్న బూడిద లేచి ముందున్నవాడు కనపడడు, కాస్త పక్కకి వెళ్తే లావా మీదే పగడాలు దట్టంగా పట్టేసి ఉన్నాయి, మాంటా రే మా నెత్తి మీంచి పోయింది. 1990ల్లో లావా పోసిన చోట ఇంత తొందరగా పగడం ఎలా పెరిగిందా అని సైంటిస్టులు కూడా ఆశ్చర్యపోయారంట.

మోసపోయిన_టూరిస్ట్
మీరు అదృష్టవంతులు. మాకు పోయినేడు ఒక ట్రావెల్స్ వాడు "వాల్కనో టూర్" అని నలుగురికి డబ్బులు కట్టించుకుని తెల్లవారుజామున మూడింటికి లేపి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్‌లో నిలబెట్టి, బారాటాంగ్ తీసుకెళ్లి మెట్లెక్కించి, పైన కర్రల కంచె మధ్యలో బురద గుంట చూపించాడు. నిమిషానికోసారి బుడగ వస్తోంది. మా బాబు "నాన్నా ఇదేనా" అన్నాడు. ఏం చెప్పను?

రాళ్ళబాబు
అది మడ్ వాల్కనో, దాంట్లో మాగ్మా ఉండదు. లోపల కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి పుట్టే గ్యాస్ బురదని పైకి తోస్తుంది. చెయ్యి పెట్టినా కాలదు. టూర్ వాడి బోర్డులో వాల్కనో అన్న మాట అబద్ధం కాదు, అదే వాడి తెలివి.

వాట్సాప్_విజ్ఞాని
నిమిషానికో బుడగ అంటే మా ఆఫీసు వాటర్ క్యాన్. ఫ్రీగా చూపిస్తా, నలుగురిని తీసుకురండి

పోర్ట్‌బ్లెయిర్_పిల్లోడు
@మోసపోయిన_టూరిస్ట్ బారెన్‌కి వెళ్లాలంటే పర్మిషన్ ఉన్న బోటే, దూరం నుంచి చుట్టూ తిరిగి రావడమే. ఎవడన్నా "దింపుతాం" అంటే నమ్మకండి

ప్రశ్నల_పుట్ట
దగ్గర్నుంచి పేలుడు చూసిన సైంటిస్టులు ఉన్నారా ఈమధ్య? అందరూ శాటిలైటేనా

రాళ్ళబాబు
ఉన్నారు. 2017 జనవరి 23న గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఐఓ వాళ్లు సింధు సంకల్ప్ అనే నౌకలో దాని దగ్గరే సముద్రం అడుగు నుంచి మట్టి తీస్తున్నారు. ఉన్నట్టుండి కొండ బూడిద కక్కడం మొదలెట్టింది. ఒక మైలు దూరంలో ఆగి చూశారు. ఐదు పది నిమిషాల చొప్పున చిన్న చిన్న పేలుళ్లు. పగలంతా బూడిద మేఘమే కనపడింది, పొద్దుగూకాక చూస్తే నోట్లోంచి ఎర్రటి లావా చిమ్మి వాలు మీంచి పారుతోందని తెలిసింది. అంటే పగలు తీసిన వీడియోలో ఉత్త పొగే ఉందని లావా లేదనుకోకూడదు. 26న వెళ్లిన రెండో విడత వాళ్లకి కూడా కనపడింది. దగ్గర్లో నీళ్లు, మట్టి తీస్తే బొగ్గు లాంటి నల్ల ముక్కలు దొరికాయి, కొండ విసిరినవే.

తీరం_శ్రీను
నార్కోండం గురించి ఎవరూ చెప్పట్లేదు. అది చచ్చిపోయిన అగ్నిపర్వతం కదా

పాత_కాగితాలు
చచ్చిందనకండి, నిద్ర అనండి. మనిషి రాసుకున్న పేలుడు ఒక్కటీ లేదు, అంతే. 710 మీటర్లు, నిండా అడవి, అక్కడ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని నార్కోండం హార్న్‌బిల్ అనే పక్షి ఉంటుంది. మన పోలీసు ఔట్‌పోస్ట్ కూడా ఉంది. అక్కడ డ్యూటీ పడ్డవాడిది అసలు కథ.

రాళ్ళబాబు
రాయి కూడా వేరు. నార్కోండం ఆండెసైట్, డేసైట్, చిక్కటి లావా, పారదు, అక్కడే పేరుకుంటుంది. బారెన్ లావా దానికన్నా పలచన కాబట్టి సముద్రం దాకా పోతుంది. ఒకే వరసలో పక్కపక్కనే ఉన్న రెండు కొండలు ఇంత తేడాగా ఎందుకున్నాయన్నదే నాకు అన్నిటికన్నా ఆసక్తి, కానీ మొదలెడితే మీరంతా లేచి వెళ్లిపోతారు.

బనగానపల్లె_బాషా
ఏమప్పా, సుమత్రా వరస అంటిరి, మా జ్వాలాపురం మాట ఎవురూ ఎత్తరేమి? బనగానపల్లె పక్కనే. జుర్రేరు లోయలో తెల్లటి బూడిద పొర ఉంది, కొన్నిచోట్ల రెండున్నర మీటర్లు మందం. సుమత్రాలో టోబా అని అగ్నిపర్వతం 74 వేల ఏండ్ల కింద పేలితే రెండున్నర వేల కిలోమీటర్ల పైన ఎగిరొచ్చి ఈడ పడిన బూడిద అది. కూలోళ్లు తవ్వి లారీలకెత్తుతాండ్రి, పాత్రలు తోమే పొడిలో కలుపుతారని చెప్తారు. చేత్తో నలిపితే టాల్కం పౌడర్ మాదిరి, గాలొస్తే కళ్లలో పడి మంట. ఆ పొర కింద, పైన, రెండు చోట్లా రాతి పనిముట్లు దొరికినాయని 2007లో పెద్ద పేపరే వచ్చె. అంత బూడిద పడినా ఈడ మనుషులు బతికినారని వాళ్ల వాదన.

విశాఖ_సముద్రం
ఆగండి, అంటే సుమత్రా బూడిదతో కర్నూలులో గిన్నెలు తోముతున్నారా??

బనగానపల్లె_బాషా
ఇప్పుడు నంద్యాల జిల్లా సామీ. కర్నూలు అంటే మావోళ్లు ఊరుకోరు

రాళ్ళబాబు
బాషా గారు పెట్టింది చూసి నా బ్యాంకు ఉద్యోగం మీద ఇంకోసారి ఏడుపొచ్చింది. పేలుళ్లని 0 నుంచి 8 దాకా మెట్లలో కొలుస్తారు, పైకి పోయేకొద్దీ ఒక్కో మెట్టుకి సుమారు పది రెట్లు. టోబా 8. బారెన్ ఈమధ్య పేలుళ్లు 2 దగ్గర. తేడా మీరే లెక్కేసుకోండి, అత్తగారికి కూడా వేసి చూపించండి.

మేకలమంద
చివరాఖరికి ఒకటి అడుగుతా. బారెన్ మీద మేకలున్నాయంట కదా, నిజమేనా? మనుషుల్లేని అగ్నిపర్వతం మీద మేకలేంటి

పాత_కాగితాలు
నిజమే. బ్రిటిష్ కాలంలో వదిలిపెట్టినవి, వాటి సంతానం. 1991 పేలుడు తర్వాత 1993 ఏప్రిల్‌లో ఏ జీవులు మిగిలాయో చూడ్డానికి ఒక బృందం వెళ్లింది. అంతకుముందు అక్కడ లెక్కకొచ్చిన 16 రకాల పక్షుల్లో 6 మాత్రమే కనపడ్డాయి. మేకలు మాత్రం తర్వాత వెళ్లినవాళ్లకీ కనపడుతూనే ఉన్నాయి.

డైవర్_సుధ
నాకూ కనపడింది ఒకటి, గోడ మీద అడవి అంచున. మా బోటుని చాలాసేపు చూసి మేతకి పోయింది

సికాకోలు_చిన్నోడు
లావా పక్కనే మేక. మసాలా పట్టుకెళ్తే సాలు

పోర్ట్‌బ్లెయిర్_పిల్లోడు
@సికాకోలు_చిన్నోడు శాంక్చువరీ అన్నా, మసాలాతో పట్టుకుంటే కేసు రాస్తారు

విశాఖ_సముద్రం
వైజాగ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ షిప్పులో వెళ్తే దార్లో బారెన్ కనపడుతుందా? మా ఆయన టికెట్లు చూస్తున్నాడు, మా అత్తగారు నేనూ వస్తానంటున్నారు

పోర్ట్‌బ్లెయిర్_పిల్లోడు
కనపడదండి, షిప్పు పడమటి నుంచి వస్తది, బారెన్ దీవులకి అటు తూర్పున. రెండు రోజులు దాటి ప్రయాణం, మే జూన్‌లో మాత్రం ఎక్కకండి, కక్కేది కొండ కాదు మీరే. జనవరి ఫిబ్రవరి అయితే సముద్రం బాగుంటది. వస్తే చెప్పండి, సిప్పీఘాట్ నేనే చూపిస్తా, మా అమ్మ రొయ్యల కూర పెడతది.